మెరుపు లేని లేత గులాబీ

ఆ తేదీ జోగారావుకి ఎందుకు గుర్తుందంటే, ఆ రోజు మామిడికాయ పప్పులో ఉప్పు సరిగ్గా పడింది. జూన్ పదిహేడు, సోమవారం. భార్య సుభాషిణి పోయాక మూడేళ్లుగా తన వంట తనే చేసుకుంటున్న మనిషికి ఉప్పు సరిపోవడం చిన్న సంగతి కాదు. క్యారేజీలో రెండు గుమ్మడి వడియాలు కూడా ఉన్నాయి. పొద్దున ఏడున్నరకి వేయించినవి మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంకా కరకరలాడుతున్నాయి. ఇవాళ్టికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాడు. రెండో వడియం నోట్లో ఉండగానే అటెండరు నూకరత్నం గుమ్మంలోకి వచ్చింది.

"డైరెక్టరు గారు అందర్నీ పైకి రమ్మంటున్నారండి. చేతులు కడుక్కుని మరీ రమ్మన్నారు."

పుట్టినవాడు పుట్టాడనీ, పోయినవాడు పోయాడనీ, ఉన్నవాడు ఉన్నాడనీ కాగితం ఇచ్చేది ధ్రువపత్రాల డైరెక్టరేటు. అందులో ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు జోగారావుది, సూపరింటెండెంటు. ఎన్నో మీటింగులు చూశాడు. చేతులు కడుక్కుని రమ్మన్న మీటింగు మాత్రం అదే మొదటిది.

డైరెక్టరు శశిభూషణ్ గారు చల్లని కొండల మీద అయిదు రోజుల నాయకత్వ శిక్షణ ముగించుకుని ఆ ఉదయమే దిగారు. అందరూ కూర్చున్నాక కుడిచేయి పైకెత్తి, వేళ్లు విప్పి, కాసేపు తన చేతినే చూసుకున్నారు.

"పౌరుడికి ప్రభుత్వం ఎక్కడ తగులుతుంది?" అని అడిగారు.

"జేబులోనండి," అన్నాడు సీనియర్ అసిస్టెంటు అప్పలస్వామి, పక్కనున్న జోగారావుకి మాత్రమే వినబడేలా.

"చేతిలో," అన్నారు డైరెక్టరు గారు. "ఒక చెయ్యి కాగితం ఇస్తుంది, ఒక చెయ్యి పుచ్చుకుంటుంది. చేతికి చివర వేలు. వేలికి చివర గోరు. అంటే, పాలనకి ఆఖరి సరిహద్దు గోరు. సరిహద్దును నిర్లక్ష్యం చేసిన ఏ వ్యవస్థా బాగుపడలేదు. నేటి నుంచి మన శాఖలో నఖ దర్పణం పథకం అమల్లోకి వస్తోంది."

సర్క్యులరు అప్పటికే తయారుగా ఉంది. 'ప్రతి ఉద్యోగి తన స్వగృహమునందు, తన స్వంత సమయములో గోళ్లను సంరక్షించుకొని, తనకు నచ్చిన రంగును స్వేచ్ఛగా ఎంపిక చేసుకొనవలెను. స్వేచ్ఛగా ఎంపిక చేసుకొనవలసిన రంగు అనుబంధము-బి నందు హోదాల వారీగా సూచించడమైనది.'

డైరెక్టరుకి మెరిసే ఎరుపు. డిప్యూటీ డైరెక్టర్లకి మెరిసే ముదురు గులాబీ. సూపరింటెండెంట్లకి లేత గులాబీ, అయితే మెరుపు లేకుండా, ఎందుకంటే గెజిటెడ్ హోదా లేనివారికి మెరుపు వర్తించదు. గుమాస్తాలకి రంగులేని పూత. అటెండర్లకీ రోజుకూలీ సిబ్బందికీ 'గోటి సహజ వర్ణము మాత్రమే'.

"మగాళ్లం కూడానా అండి?" అన్నాడు అప్పలస్వామి, ఈసారి పైకే.

"పాలనకి ఆడా మగా లేదు. సరే, రంగు వేసేముందు గోటికి చెయ్యవలసిన మొదటి పని ఏమిటి? ఎవరికైనా అవగాహన ఉందా?"

జోగారావు నోరు అతనికి చెప్పకుండానే తెరుచుకుంది.

"గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు నానబెట్టాలండి. తడి పూర్తిగా ఆరాక ఆకురాయితో ఒకవైపుకే రాయాలి. రంపం కోసినట్టు అటూ ఇటూ రాస్తే గోరు పొరలు లేస్తుంది. తర్వాత అడుగుపూత. దాని మీద రంగు పల్చగా రెండుసార్లు. ఒక్కసారే మందంగా వేస్తే ఆరదండి."

అందరూ అతని వైపు తిరిగారు. ఆ మధ్యాహ్నమే జోగారావు శాఖకి నఖ నోడల్ అధికారి అయ్యాడు.

అది అతనికి ఎలా తెలుసో ఎవరూ అడగలేదు. చివరి రెండేళ్లు కీళ్లవాతంతో సుభాషిణి వేళ్లు వంకర తిరిగాయి. అన్నం ముద్ద కలుపుకోవడం మానేసింది గాని, గోళ్ల రంగు మానలేదు. ఆదివారం పొద్దున కిటికీ గట్టు మీద మూడు సీసాలు పెట్టించి, ఒక్కో వేలికి ఒక్కోటి వేయించుకుని, చెయ్యి వెలుతురులోకి చాపి చూసుకునేది. "సీసాలో చూసి రంగు ఎంచుకోకూడదండీ. ట్యూబులైటు కింద అసలే చూడకూడదు. గోటి మీద, పగటి పూట చూడాలి," అనేది. ఎక్కువసార్లు కనకాంబరం రంగు దగ్గరే ఆగేది. ఆసుపత్రిలో వేలికి తగిలించే మిషను కోసం రంగు తీసేయమన్నారు. జోగారావు తొమ్మిది గోళ్లు తుడిచాక నర్సు, "మిషనుకి ఇవి చాలు లెండి, అదొక్కటీ ఉంచేయండి. ఆవిడకి ఇష్టంలా ఉంది," అంది. ఆ నర్సు పేరు జోగారావుకి తెలియదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆమె గురించి మంచిగా అనుకుంటాడు. ఆ కనకాంబరం సీసా ఇంకా ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో, ఆవకాయ పక్కన ఉంది.

పథకం మొదటి వారమే అప్పలస్వామి దగ్గర చిక్కుపడింది. చిన్నప్పుడు చొప్ప కోసే మిషనులో అతని ఎడమ చిటికెన వేలు పోయింది. కంప్యూటరులో ఎక్కించే వారపు నఖ నివేదిక పది గోళ్లూ నింపనిదే ముందుకు కదలదు. కంప్యూటరు విభాగానికి రాస్తే వాళ్లు తిరిగి రాశారు: 'సదరు గోరు ఖాళీగా ఉన్నదా, రద్దయినదా, లేక డిప్యుటేషనుపై ఉన్నదా తెలుపవలెను.' జోగారావు బాగా ఆలోచించి 'ఖాళీ' అని రాశాడు. అప్పట్నుంచీ ప్రతి సోమవారం 'ఖాళీ భర్తీకి తీసుకున్న చర్యలు' అని ఒక గడి వచ్చేది. 'పరిశీలనలో ఉన్నది' అని నింపేవాడు.

"పోన్లెండి," అన్నాడు అప్పలస్వామి. "నా వేలు పోయిన నలభయ్యేళ్లకి దాన్ని పరిశీలించే నాథుడు దొరికేడు."

అతని కుడిచేతి బొటనగోరు మరో చిక్కు. పాతికేళ్లు రబ్బరు ముద్రలు కొట్టి కొట్టి అది ఊదా రంగుకి తిరిగింది. పట్టికలో ఊదా ఎవరి హోదాకీ లేదు. అతన్ని కాపాడటానికి జోగారావు తొమ్మిదో నిబంధన రాసి సంతకం చేయించాడు: 'రిమూవరుతో అయిదు నిమిషములు రుద్దినను పోని రంగును గోటి సహజ వర్ణముగా పరిగణించవలెను.'

ఆదివారం ఇంటి దగ్గర వేసుకున్న పూత సోమవారం బస్సు కడ్డీ పట్టుకునేసరికి చెక్కిపోయేది. అందుకని సోమవారం పదిన్నరకి మరమ్మతు పూతకి అనుమతి వచ్చింది. పూత ఆరాలి గనక అరగంట 'తడి విరామం' వచ్చింది. అది జులై మొదటివారానికి గంటన్నర అయింది. తడి గోళ్లతో కలం పట్టుకుని హాజరుపట్టీలో సంతకం ఎలా? మళ్లీ జోగారావే దారి వెతికాడు. చదువురానివాళ్ల చేత నిశానీ వేయించే పద్ధతి శాఖలో ఎటూ ఉంది. పద్నాలుగో నిబంధన పుట్టింది: 'తడి విరామములో నున్న ఏ ఉద్యోగియైనను సంతకమునకు బదులు ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయవచ్చును. సూపరింటెండెంటు సదరు పత్రమును చదివి వినిపించి, ధ్రువీకరించవలెను.'

డైరెక్టరు గారు చాలా సంతోషించారు. "వేలికి పైభాగం శాఖది, అడుగుభాగం ఉద్యోగిది. స్పష్టమైన విభజన," అన్నారు.

ఎమ్మేలు చదివిన గుమాస్తాలు వరసగా నిలబడి సిరా దిండు మీద వేలద్ది నిశానీలు వేస్తుంటే, అదే పని కోసం కౌంటరు అవతల నిలబడ్డ ముసలమ్మ ఒకావిడ జాలిగా చూసింది. "పాపం, ఈళ్లకీ చదువబ్బలేదంట," అంది పక్కావిడతో.

పన్నెండో తేదీన మరో ఉత్తర్వు. గోరు చెక్కిపోతే, అందుకు కారణమైన ఫైలు నంబరు రాసి ఇవ్వాలి. దానితో ఫైళ్లు ముట్టుకునేవాళ్లు తగ్గారు. ముద్ర కొడితే గోరు అదిరి పూత పగులుతుందని ముద్రలు ఆగాయి. పథకానికి నెల నిండిన రోజున ఉత్తమ నఖ ఉద్యోగిగా జూనియర్ అసిస్టెంటు పద్మనాభానికి శాలువా కప్పారు. అతను నెల రోజుల్లో ఒక్క ఫైలూ విప్పలేదు. గోళ్లు అద్దాల్లా ఉన్నాయి.

"ఇంత పని ఒత్తిడిలో ఇంతటి సంరక్షణ," అన్నారు డైరెక్టరు గారు, అతని చేతిని అందరికీ చూపిస్తూ.

ఆ నెలలోనే, పింఛను కోసం తాను బతికే ఉన్నానని కాగితం తీసుకోవడానికి ఒక తాత నాలుగు సోమవారాలు వచ్చి తడి విరామంలో బల్ల మీద కూర్చుని వెళ్లాడు. జోగారావుకి ఆయన తెల్ల కండువా గుర్తు. అయిదో సోమవారం ఆయన రాలేదు. కొడుకు వచ్చాడు, వేరే కాగితం కోసం. జోగారావు మేడ మీద గోళ్ల లెక్కలు వదిలేసి కిందికి వచ్చి, తనే పూర్తిచేసి, తనే ముద్ర కొట్టి ఇచ్చాడు. కుడి చూపుడువేలి మీద లేత గులాబీ పెచ్చు లేచింది. కారణమైన ఫైలు నంబరు అన్నచోట ఆ నంబరు రాశాడు. పైనుంచి ఎవరూ ఏమీ అడగలేదు.

ఇక నూకరత్నం సంగతి. పద్నాలుగేళ్లుగా ఆమె రోజుకూలీ మీద అటెండరు. ఆఫీసు తలుపులు పొద్దున తీసేదీ సాయంత్రం వేసేదీ ఆమే. ఆమెను పర్మినెంటు చేసే ఫైలు పన్నెండు బల్లలు దాటి ఎట్టకేలకు డైరెక్టరు గారి బల్ల మీదికి చేరింది. జులై ముప్పై ఒకటి సాయంత్రం అయిదులోగా సంతకం పడి సచివాలయానికి వెళ్లాలి. దాటితే ఈ ఏటి పర్మినెంటు జాబితా మురిగిపోతుంది, మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఫైలుకి జతచేయవలసిన కాగితాల్లో కొత్తగా ఒకటి చేరింది: నఖ ప్రవర్తన ధ్రువపత్రం.

ఆషాఢం వచ్చింది. రికార్డు గది వెనక గోరింటాకు చెట్టు ఉంది. నూకరత్నం ప్రతి ఏడూ కోసుకున్నట్టే కోసుకుని, రుబ్బి, పెట్టుకుంది. పది గోళ్లూ ఎర్రగా పండాయి. శాలువా కప్పించుకున్న పద్మనాభం అది చూసి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు: రోజుకూలీ మనిషి డైరెక్టరు గారి రంగు ధరించింది.

"తీసేద్దువూ నూకరత్నం," అన్నాడు జోగారావు, అవదని తెలిసీ.

"ఎలా తీసేదండి బాబుగారూ? గోరుతో పాటు పెరిగి పోవాల్సిందే. సంక్రాంతి దాటుద్ది. పద్నాలుగేళ్లలో ఒక్క ఆషాఢం మానలేదండి. ఈ ఏడు మానాలని నాకెవరు చెప్పేరు?" ఆమె చేతులు చీర కుచ్చిళ్లలో దాచుకుంది. "మా పిల్లకి కాలేజీ సీటొచ్చింది. పర్మినెంటు అయితే చేరుస్తాను అన్నాను. ఇప్పుడు గోరింటాకు వల్ల పోయిందని చెప్పనా?"

ముప్పయ్యో తేదీన డైరెక్టరు గారు విచారణ జరిపారు. బల్ల మీద దూది, రిమూవరు సీసా.

"శాఖాధిపతి వర్ణాన్ని ధరించడం తీవ్రమైన క్రమశిక్షణారాహిత్యం," అన్నారు.

"సర్, తొమ్మిదో నిబంధన ప్రకారం ముందు రుద్ది చూడాలి సర్," అన్నాడు జోగారావు.

రుద్దారు. పద్మనాభం గడియారం చూస్తూ నిలబడ్డాడు. అయిదు నిమిషాలయ్యాక దూది ఎంత తెల్లగా ఉందో అంతే తెల్లగా ఉంది. నూకరత్నం గోరు ఎంత ఎర్రగా ఉందో అంతకన్నా ఎర్రగా కనిపించింది.

"రిమూవరులోనే లోపమేమో," అని డైరెక్టరు గారు అదే దూదిని తన చూపుడువేలి మీద ఒకసారి అద్దారు. ఎరుపంతా దూదికి వచ్చేసింది. అడుగున పాలిపోయిన గోరు ఒకటి బయటపడింది.

"అంటే," అన్నారు డైరెక్టరు గారు ఆ గోటినే చూసుకుంటూ, "నిబంధన ప్రకారం ఈ ఎరుపు ఆమెకి సహజం. నాకు అతికించుకున్నది."

"నిబంధన అలాగే చెప్తోంది సర్," అన్నాడు జోగారావు.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. మర్నాడు కాక ఆ మర్నాడు, ఆగస్టు ఒకటిన, పథకం విజయం గురించి ఆయన సచివాలయంలో పెద్దల ముందు చేతులు చూపించి మాట్లాడాలి. తుడిస్తే పోయే చేతులతో.

"నూకరత్నం," అన్నారు వెనక్కి తిరక్కుండా, "ఆ చెట్టుకి ఇంకా ఆకు ఉందా?"

ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం రెండింటికి నూకరత్నం మెత్తగా రుబ్బిన ముద్దతో మేడెక్కింది. రుబ్బేటప్పుడు ఇంత చింతపండు కూడా వేసింది. కొంగు బిగించి, డైరెక్టరు గారి వేలు వేలికీ టోపీల్లా పెట్టుకుంటూ వచ్చింది. పనిలో పడితే ఆమెకి లోకం తెలియదు. ఆ గుణం వల్లే పద్నాలుగేళ్లుగా ఆ ఆఫీసు శుభ్రంగా ఉంది. ఎడమచేతి అయిదూ అయ్యాయి. కుడిచేతి అయిదూ అయ్యాయి. పదో వేలికి టోపీ పెట్టి, సరిచేసి, లేచి నిలబడి చూసుకుంది. అప్పుడు ఆ పది టోపీల వెనక, బల్ల మీద, కనిపించింది తన ఫైలు. విప్పి ఉంది, కొత్త నఖ ప్రవర్తన ధ్రువపత్రంతో సహా. సంతకం లేదు.

తలెత్తి గోడ వైపు చూసింది. గడియారం మూడూ పది.

"ఎంతసేపు ఉంచాలి?" అన్నారు డైరెక్టరు గారు, చేతులు గాల్లో పెట్టుకుని.

"నాలుగు గంటలండి," అంది నూకరత్నం. నిజం చెప్పడం తప్ప ఆమెకి మరోటి రాదు.

సంగతి విని జోగారావు మేడెక్కి, బల్ల మీది ఫైలు చేతిలోకి తీసుకున్నాడు. డైరెక్టరు గారు ఆ ఫైలు వైపూ తన కుడిచేతి వైపూ చూసుకున్నారు.

"రేపు చూద్దాం, జోగారావు గారూ. పాలనలో తొందర పనికిరాదు. మధ్యలో తీస్తే సరిగ్గా పండదట."

"రేపటికి జాబితా ఉండదు సర్. పద్నాలుగో నిబంధన ఉంది సర్."

"అది సిబ్బందికి."

"ఏ ఉద్యోగియైనను అని ఉంది సర్. డైరెక్టరు మినహా అని లేదు. మీరే సంతకం చేశారు." జోగారావు గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "ఆ నిబంధన మనకే చెల్లదంటే, జూన్ నుంచి మన హాజరుపట్టీ చెల్లదు సర్. హాజరు చెల్లకపోతే నెలన్నరగా ఈ శాఖలో ఎవరూ పనిలోకి రానట్టే అవుతుంది. రేపే పెద్దలు ఈ సంగతి అడిగితే..."

నెలన్నరగా ఎవరూ పని చెయ్యలేదన్న మాట ఆ గదిలో మొదటిసారి పైకి వచ్చింది. దాన్ని ఇంకాస్సేపు అక్కడ ఉండనివ్వడం ఎవరికీ క్షేమం కాదు.

"ఎడమ బొటనవేలే కదా," అన్నారు డైరెక్టరు గారు.

"ఎడమదే సర్. కుడిచేతికి ఏం ఇబ్బంది లేదు. అయితే నిబంధన ప్రకారం ముందు చదివి వినిపించాలి."

జోగారావు కుర్చీ లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. నూకరత్నం ఏ ఏట చేరిందో, రోజుకి ఎంత కూలికి చేరిందో, పద్నాలుగేళ్లలో ఎన్ని రోజులు రాలేదో. మొత్తం పదకొండు రోజులు, అందులో ఆరు రెండో కాన్పుకి. ఆఫీసులోకి వరద నీళ్లొచ్చిన రాత్రి అయిదు వందల రిజిస్టర్లు ఒక్కతే అటక మీదికి ఎక్కించిందని ఎప్పుడో ఎవరో రాసిన ఒక పేజీ కూడా ఉంది. కదలడానికి వీల్లేక డైరెక్టరు గారు మొత్తం విన్నారు. ఆయన సర్వీసులో ఒక ఫైలుని మొదట్నుంచి చివరిదాకా తెలుసుకోవడం అదే మొదటిసారి.

"ఇదంతా ఇందులో ఉందా?" అన్నారు ఒకసారి.

"మొదట్నుంచీ ఉంది సర్."

నూకరత్నం ఎడమ బొటనవేలి టోపీ పువ్వు తీసినట్టు తీసింది. వేలి అడుగున అప్పటికే పచ్చగా, ఎర్రగా తడి ఉంది. సిరా దిండు అవసరం రాలేదు. ఆయన వేలు కాగితం మీద ఆనింది. కింద జోగారావు రాశాడు: 'చదివి వినిపించగా విని, సమ్మతించి, డైరెక్టరు శ్రీ శశిభూషణ్ గారు నా ఎదుట వేసిన ఎడమచేతి బొటనవేలి నిశాని.' నూకరత్నం టోపీ మళ్లీ తొడిగింది.

నాలుగుంబావుకి ఫైలు సచివాలయం జీపులో వెళ్లింది. మెట్ల దగ్గర అప్పలస్వామి ఆమెను ఆపాడు.

"కంగారుపడకు చెల్లెమ్మా. సంతకమైతే కాదని బుకాయించొచ్చు. గోరింటాకు ఎక్కడికీ పోదు."

సాయంత్రం డ్రైవరు తలుపులు తీస్తుంటే డైరెక్టరు గారు చేతులు ముందుకి చాపుకుని కారెక్కారు. ఆఫీసు ఖాళీ అయ్యాక నూకరత్నం ఒక ఆకులో చిన్న ముద్ద చుట్టి తెచ్చి జోగారావు బల్ల మీద పెట్టింది.

"మిగిలిందండి. అమ్మగారుంటే ఇంటికొచ్చి పెట్టేదాన్ని. మీరు చిటికెనవేలికైనా పెట్టుకోండి బాబుగారూ. ఆషాఢం కదండి."

ఇంటికి వెళ్లి, పొద్దుటి చారు వెచ్చబెట్టుకుని తిన్నాడు. ఉప్పు కాస్త తక్కువైంది. మజ్జిగలో సరిపోయింది. తర్వాత చెయ్యి గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు నానబెట్టి, ఆరాక, ఎడమ చిటికెనవేలికి ఆ ముద్దలో కాస్త టోపీలా పెట్టుకున్నాడు. ఆకు ఫ్రిజ్‌లో కనకాంబరం సీసా పక్కన చోటు చేసి పెట్టాడు. సూపరింటెండెంటుకి ఎరుపు వర్తించదు. రేపు పొద్దున నోడల్ అధికారిగా తనకి తానే మెమో ఇచ్చుకోవాలి, తానే సంజాయిషీ రాసుకోవాలి, తొమ్మిదో నిబంధన కింద తానే రుద్ది చూసుకోవాలి. చాలా పనే.

వీధి తలుపు దగ్గరికి వచ్చి, చిటికెనవేలు దేనికీ తగలకుండా ఎడమచెయ్యి ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో తలుపు మెల్లగా దగ్గరికి వేసి గడియ పెట్టాడు.